పలుపు లేని క్వాలిస్

గురువారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి సింధూ తన పాత ఆల్టోను పోలీసు స్టేషన్ ఆవరణలో వేపచెట్టు నీడకు చేర్చి, తాళం తిప్పి, ఇంజను పూర్తిగా ఆగిందని నమ్మకం కుదిరేదాకా అలాగే కూర్చుంది. పదిహేడేళ్ల బండి అది. ఆపిన తర్వాత కూడా రెండుసార్లు గొణిగి గానీ నోరు మూయదు. ప్రొద్దుటూరులో లాయర్లకూ బీమా కేసులకూ కూపీ లాగి పెట్టడం సింధూ వృత్తి. పూజారి రామమూర్తి గారి కూతురికి ఇదేం పని అని వాళ్ల వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. ఆమె ఆ మాటలు పట్టించుకోవడం మానేసి పన్నెండేళ్లయింది.

స్టేషన్ మెట్ల పక్కన గులాబ్‌బీ స్టీలు క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సింధూను చూసి లేవబోయింది.

"రేత్రి నుంచి ఏం తినల్యాదమ్మా వాడు. సాయంత్రం అయిదుకు జడ్జి కాడికి తీస్కపోతారంట. ఆడికి పోతే ఇంగ నా బిడ్డ యాడికి పోతాడో."

"ఐదింటి దాకా టైముంది పెద్దమ్మా. ముందు నువ్వు తిను" అంది సింధూ. ఆమె తినదని తెలుసు. అయినా అనకుండా ఉండలేకపోయింది.

కేసు చూడడానికి చిన్నదే. తొండూరు రైతు ఆదినారాయణకు 2004 నాటి తెల్ల క్వాలిస్ ఉంది. సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి ఆ బండి జమ్మలమడుగు రోడ్డులో సైకిలు మీద వస్తున్న పాలాయన్ను గుద్ది, గట్టు దిగి, మళ్లీ రోడ్డెక్కి ఆగకుండా వెళ్లిపోయింది. చూసినవాళ్లకు నంబరు చిక్కింది గానీ తోలేవాడి మొహం చిక్కలేదు. పాలాయన కడప ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా స్పృహ రాలేదు. మంగళవారం ఆదినారాయణ వచ్చి, బండి దొంగలెత్తుకుపోయారని రాసిచ్చాడు. సోమవారం నాలుగూ ముక్కాలుకు ప్రొద్దుటూరులో రహమాన్ షెడ్డులో క్లచ్చు పనికి వదిలి ఐదు గంటల బస్సెక్కాడట, మర్నాడొస్తే బండి లేదట. బుధవారం మైలవరం కాలువ దగ్గర కంపచెట్లలో అది దొరికింది. ఆ సాయంత్రమే రహమాన్‌ను తీసుకొచ్చి లోపల కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్ల ఆ మెకానిక్ గులాబ్‌బీకి ఒక్కడే కొడుకు. అతని తరఫు లాయరే సింధూను పిలిపించాడు.

హెడ్ కానిస్టేబులు షహబాజ్ సింధూను బండి దగ్గరికి తీసుకెళ్లాడు. మూడేళ్లలో రిటైరయ్యే మనిషి. ఆయనకు కేసు కంటే బండి మీద దిగులెక్కువ.

"ఇట్లాంటి బండి ఇంగ రాదు మేడం. నాకూ ఒకటుండె. డీజిలువి ఆపేస్తారని ఎవుడో అంటే బెదురుకొని అమ్మేస్తి. కొత్తది కొందామంటే పెట్రోలుదా, కరెంటుదా, ఏది నిలబడతాదో ఏది పోతాదో తెలక మూడేండ్లుగా బస్సుల్లో తిరగతాండా."

సింధూ నవ్వి క్వాలిస్ ముందు గొంతుక్కూర్చుంది. ఎడమ లైటు పగిలింది. బంపరు లోపలికి నొక్కుకుపోయింది. దాని పైనున్న ఇనుప కమ్మీ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కమ్మీ నడుమ జానెడు మేర రంగు నిన్న వేసినంత తెల్లగా ఉంది. మిగతా కమ్మీ అంతా ఎండకూ వానకూ పాలిపోయి పసుపురంగుకు తిరిగింది. ఆ తెలుపు అంచుల్లో తాడు ఏళ్ల తరబడి ఒరుసుకున్న గీతలు. ఆ తెలుపు మీద కూడా నల్లరేగడి బురద చింది ఎండిపోయి ఉంది.

"ఇక్కడ ఏదో కట్టి ఉండేది షహబాజ్ గారూ."

"దిష్టితాడు ఉంటాదిలే మేడం. గుద్దినప్పుడు తెగిపోయింటాది."

"తెగితే ఒక్క పీచన్నా కమ్మీకి అంటుకొని ఉండాలి. ఒక్క పోగు లేదు. కోసినా కమ్మీ మీద కత్తి గాటు పడుతుంది. ఎవరో కూర్చుని ముడి విప్పారు." సింధూ గోరుతో బురద గీకింది. "సోమవారం మధ్యాహ్నం వానపడింది కదా. గుద్దాక బండి గట్టు దిగినప్పుడు ఈ బురద చిందింది. తెలుపు మీద పడిందంటే, అప్పటికే తాడు లేదు."

షహబాజ్ వంగి చూశాడు. దొంగ బండి ఎత్తుకుపోతూ తీరిగ్గా ముడి విప్పుకుంటాడా అన్న అనుమానం ఆయన మొహంలో కనబడింది గానీ పైకి అనలేదు.

అంతలో గేటు దగ్గర హారను మోగింది. కొత్త కారు. సీట్ల మీద ప్లాస్టిక్కు ఇంకా తీయలేదు, తీస్తే కొత్తదనం ఎక్కడ పోతుందోనని భయం కాబోలు. దిగినాయన శశిధర్, క్వాలిస్‌కు బీమా ఇచ్చిన కంపెనీ తరఫున విచారణ చేసే అధికారి. కడపలో ఆఫీసు. నలభై ఏళ్ల మనిషి, నలగని చొక్కా, చేతిలో ట్యాబు. ఇద్దరూ ఎదురెదురుగా పనిచేసిన నాలుగు కేసుల్లో రెండింట్లో ఆమె మీద గెలిచాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది.

"ఇంకా ఆ డబ్బాలోనే తిరుగుతున్నారా మేడం?" అన్నాడు ఆల్టో వైపు చూసి. "వచ్చే ఏడాది నుంచి పదిహేనేళ్లు దాటినవాటిని రోడ్డెక్కనీయరు. అప్పుడు తూకానికి కూడా తీసుకోరు. ఇప్పుడే వదిలించుకోండి. నాకు తెలిసిన పార్టీలున్నారు, రెండు రోజుల్లో తోలుకుపోతారు."

"అలాగని జీవో వచ్చిందా?"

"రాబోతోంది."

"నేను కొన్నప్పటినుంచీ రాబోతూనే ఉంది" అంది సింధూ. లేచి డ్రైవరు వైపు తలుపు పిడి పట్టి లాగింది. రాలేదు. బలంగా లాగింది. అయినా రాలేదు.

"అది రాదు మేడం. నేనూ, మా డ్రైవరూ ఇద్దరం గుంజినాం. ఎడంపక్క నుంచే దూరినాం" అన్నాడు షహబాజ్.

"పాత బండ్లతో ఇదే తంటా." శశిధర్ ట్యాబును చంకన పెట్టుకుని ముందుకొచ్చాడు. మోకాలితో తలుపు అడుగును అదిమి, పిడిని పైకెత్తాడు. తలుపు తెరుచుకుంది. "కానివ్వండి. పదిన్నరకు నాకు వేరే పనుంది."

సింధూ థాంక్సు చెప్పి లోపలికి వంగింది. తాళం రంధ్రానికే వేలాడుతోంది, వైర్లు కదిపిన గుర్తు లేదు. డాష్‌బోర్డు మీద దేవుడి పటం అంటించిన జిగురు మిగిలింది, పటం లేదు. ముందు సామాన్లు పెట్టే అర ఖాళీ. సీటు కింద ఖాళీ. ఇరవయ్యొక్క ఏళ్లు సంసారం చేసిన బండిలో ఒక అగ్గిపెట్టె కూడా లేదు. క్లచ్చు పనికి వదిలేవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు బండి ఖాళీ చేయడు.

"ఏం కనబడింది?" అన్నాడు శశిధర్.

"ఏమీ కనబడలేదు. అదే ఆశ్చర్యంగా ఉంది."

"మేడం, కథలు వద్దు. ఆ షెడ్డులో తాళాలు మేకుకు తగిలించి ఉంటాయి. పుస్తకం లేదు, రసీదు లేదు. ఏ బండి ఎన్నింటికొచ్చి ఎన్నింటికి పోయిందో చూపించలేనివాడు నిర్దోషినంటే జడ్జి నమ్మాలా? విడి సామాన్ల కోసం ఎత్తుకుపోయాడు, దారిలో మనిషిని గుద్దాడు, భయపడి కంపల్లో వదిలాడు. అంతే."

ఆ మాట సింధూకు గుచ్చుకుంది. నిజమే మరి. పాత బండ్ల షెడ్లలో రాతకోతలుండవు. అక్కడ నమ్మకమే రసీదు, నమ్మకం చెడితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

"బండిగలాయన్ను అడిగారా?"

"ఆయన్ను నేనింకా కళ్లతో చూడలేదు. ఫిర్యాదు చదివానంతే. మధ్యాహ్నం షహబాజ్ గారిని తీసుకొని తొండూరు పోతున్నా. వివరంగా ఇంకో వాంగ్మూలం మీద సంతకం పెడితే, సాయంత్రానికి మీవాడి పని అయిపోయినట్టే."

అతను లోపలికి వెళ్లిపోయాడు. మొండివాడే గానీ పనిమంతుడు అనుకుంది సింధూ. ఆ మనిషి మీద ఆమెకు అప్పటికి కోపం తప్ప మరే అనుమానమూ లేదు.

లాయరిచ్చిన కాగితం చూపిస్తే రహమాన్‌తో పది నిమిషాలు ఇచ్చారు. రహమాన్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గోళ్లలో గ్రీజు అలాగే ఉంది. భయం కంటే అతని మొహంలో మనసు నొచ్చుకున్న గుర్తే ఎక్కువ.

"ఆదినారాయణ మామ నాలుగూ ముక్కాలుకు వచ్చింది నిజమే అక్కా. క్లచ్చు పని రొంతే, ముప్పావుగంటలో అయిపాయ. నేను పని చేస్తాంటే పక్కన్నే స్టూలేసుకొని కూచున్న్యాడు. ఐదున్నరకు తానే తోలుకొని పాయ."

"ఐదు గంటల బస్సెక్కానని రాసిచ్చాడు."

"మామ అట్ల ఏంటికి చెప్పినాడో నాకు తెల్దు. మా నాయన కాలం నుంచి ఆ బండి మా షెడ్డుదే." రహమాన్ తల దించుకున్నాడు. "ఆపొద్దు మామ ఒక రకంగా ఉండె. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, బండిని బాగా చూస్కున్న్యావురా అన్న్యాడు. ఎప్పుడూ అట్ల అనే మనిషి కాదు."

సింధూ ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది. "బండి ముందు కమ్మీకి ఏం కట్టి ఉండేది?"

"పలుపు. ఎద్దుల మెడకు కట్టే తాడు. రెండు మువ్వలు గూడా ఉంటాయి. బండి కడిగేటప్పుడు గూడా ముట్టుకోనీడు."

"సోమవారం ఉండిందా?"

"ఉండె." కాసేపు ఆలోచించాడు. "లైటు రింగు పగిలింటే కొత్తది కావాలని బండి ముందర ఫోటో తీసి, స్పేర్ల అంగడి కమాల్ బాషా అన్నకు పంపినా. దాంట్లో పలుపు పడింటాది. నా ఫోను వీళ్ల కాడుంది."

సింధూ బయటికొచ్చి కమాల్ బాషాకు ఫోను చేసింది. ఐదు నిమిషాల్లో ఫోటో వచ్చింది. కమ్మీ నడుమ ముదురు గోధుమరంగు పలుపు, దానికి రెండు ఇత్తడి మువ్వలు. ఫోటో అంగడికి చేరిన టైము సోమవారం సాయంత్రం ఐదూ ఇరవైరెండు.

ఐదూ ఇరవైరెండుకు పలుపు ఉంది. ఆరూ నలభైకి లేదు. ఈ గంటా పద్దెనిమిది నిమిషాల్లో ఎవరో కూర్చుని ఓపిగ్గా ముడి విప్పారు. ఆ ఓపిక ఎవరికుంటుందో తొండూరులోనే తెలియాలి.

పదకొండుకు బయల్దేరింది. ముద్దనూరు దాటేసరికి ఆల్టో వేడెక్కింది. రోడ్డు పక్కన ఆపి రేడియేటరులో నీళ్లు పోస్తూ, అమ్మ జానకమ్మ రోజూ అనే మాట గుర్తుచేసుకుంది. అమ్మేయవే ఆ బండిని. అమ్మవచ్చు. తర్వాత ఏది కొనాలి? ఒక షోరూం కుర్రాడు రెండు నెలలు ఆగమన్నాడు, ఇంకొకడు ఈ వారమే కొనమన్నాడు, మూడోవాడు అసలు కొనొద్దన్నాడు. ఊళ్లో ఎవరిని కదిలించినా ఇదే గందరగోళం. ఈ గందరగోళంలో ఎవడికి లాభమో వాడు ఎక్కడో ఒకచోట నవ్వుకుంటూ ఉంటాడని ఆమెకు అనిపించింది. పన్నెండూ నలభైకి ఆదినారాయణ ఇంటి ముందు దిగింది.

వసారాలో ఆయన భార్య మునెమ్మ చాటలో శెనక్కాయలు ఏరుతోంది. అరవై దాటిన మనిషి, గట్టి చేతులు.

"ఆయప్ప చీనీ చెట్లకు మందు తెస్తానని పులివెందులకు పోయినాడు. ఒంటిగంటకంతా వస్తాడు. కూచోమ్మా, మజ్జిగ తాగు. ఎండలో వచ్చినావు."

సింధూ వద్దనలేదు. ఆ ఇంట్లో మజ్జిగ తాగకుండా వెళ్లేవాళ్లను మనుషుల్లో లెక్కేయరని ఆమె తీరు చూస్తేనే తెలుస్తోంది. గ్లాసు పట్టుకుని పక్కనున్న కొట్టం వైపు నడిచింది. ఎద్దులు లేవు. నేల మీద నూనె మరకలను బట్టి క్వాలిస్ అక్కడే ఉండేదని అర్థమవుతోంది. పైన దూలానికి వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో పాత పలుపు. మునెమ్మ వెనకాలే వచ్చింది.

"అమ్మిన ఎద్దులవమ్మా అవి. అది గుజ్జెద్దుది, అది మైలెద్దుది. మేము గొడ్డును అమ్మితే పలుపు ఇయ్యం. కొన్న్యోడు వాని పలుపు వాడే తెచ్చుకోవాల. పలుపు గూడా పోతే కొట్టంలో లక్ష్మి దాని వెంబడే పోతాదని మా మామ చెప్తాండె."

చివరి మేకుకు వేలాడేది ఒంటి పలుపు కాదు. రెండు కలిపి పేనింది, రెండు ఇత్తడి మువ్వలు. దానికి పెట్టిన కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

సింధూ గ్లాసు గోడ మీద పెట్టింది. "ఇది ఏ ఎద్దుది పెద్దమ్మా?"

"ఎద్దుది కాదు, క్వాలిసుది." మునెమ్మ దాన్ని చేత్తో నిమిరింది. "ఇరవై ఒక్క ఏండ్ల కిందట ఆకరి జత అమ్మి ఆ బండి తెస్తిమి. ఆ జత పలుపులే పేని బండికి కడ్తిమి. ఇప్పుడు బండీ పాయ. పలుపు ఇంటికొచ్చె."

"ఎప్పుడొచ్చింది?"

"సోమారం రేత్రి ఎనిమిదప్పుడు ఆయప్ప బస్సు దిగి తెచ్చినాడు. ఆ రేత్రి అన్నం గూడా తినల్యా. ముడి ఇప్పేదానికే పావుగంట పట్టిందంట. బొటనేలి గోరు చీలిపోయింటే నేనే పసుపు పెట్టినా."

"రిపేరుకు వదిలేటప్పుడు విప్పుకున్నాడేమో."

మునెమ్మ ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూసింది. "రిపేరుకు పోతే ఎవురన్నా పలుపు ఇప్పుతారామ్మా? ఎద్దుకు లాడం కొట్టించేదానికి పోతే పలుపు ఇంట్లో పెట్టి తోల్కపోతామా? అమ్మితేనే ఇప్పేది."

ఆమె ఎంతో మామూలుగా చెప్పింది. పోలీసులకు అబద్ధం రాసిచ్చిన మనిషికి కూడా, అమ్మిన బండికి పలుపు వదిలి రావడం మాత్రం చేతకాలేదు.

"మరి దొంగతనమని రాసిచ్చారు కదా."

"అది కొన్న్యాయప్ప కాడ ఎవురో ఎత్కపోయినారంట. కాయితాలు మా పేర్నే ఉండాయి గాబట్టి ఈయప్పే రాసియ్యాలంట."

"కొన్నది ఎవరు పెద్దమ్మా?"

"పేరు తెల్దు. సోమారం పొద్దున బండి చూసేదానికి ఈడికే వచ్చినాడు. చూస్తే గుర్తుపడ్తా."

ఇక దాచడం బాగుండదనుకుంది సింధూ. "ఆ దొంగతనానికి రహమాన్‌ను పట్టుకున్నారు. సాయంత్రం ఐదింటికి జడ్జి ముందుకు తీసుకుపోతారు. ఆ పాలాయన బతక్కపోతే కేసు ఇంకా పెద్దదవుతుంది."

మునెమ్మకు ఇది తెలియదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. "యా రహమాను? మన షెడ్డు పిల్లోడా?" అంది మెల్లగా. సింధూ తలూపింది. మునెమ్మ మేకుకున్న పలుపు తీసి, వసారాలోకి వచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాట అలాగే పడి ఉంది.

ఒంటిగంటా ఐదుకు ఆదినారాయణ మోటారుసైకిలు మీద మందు డబ్బాలతో వచ్చాడు. సింధూ ఎవరో చెప్పుకునేలోగా ఆయన కళ్లు భార్య ఒళ్లో ఉన్న పలుపు మీద పడ్డాయి.

"రహమాన్ లాయరు తరఫున వచ్చాను. ఒక్క సంగతి అడగాలి. ఈ పలుపు మీ ఇంటికెలా వచ్చింది?"

"షెడ్డులో వదిలేటప్పుడు ఇప్పుకున్న్యా" అన్నాడు. మాట తడబడలేదు.

"ఐదు గంటల బస్సెక్కారు కదా మీరు."

"ఎక్కినా."

సింధూ ఫోను తిప్పి చూపించింది. "ఇది ఐదూ ఇరవైరెండుకు షెడ్డు నుంచి వచ్చిన ఫోటో. పలుపు బండికే ఉంది. మీరు బస్సులో ఉన్నారు. మరి దీన్ని విప్పిన గోరు ఎవరిది?"

ఆదినారాయణ తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. గోరు నిలువునా చీలి, పసుపు అంటి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"చెప్పు" అంది మునెమ్మ. ఒక్క మాటే.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "ఏం చెప్పాలమ్మే. నెల దినాలుగా యాడికి పోయినా ఇదే మాట. పాత డీజిలు బండ్లు ఇంగ తిరగనీయరు, తుక్కు కింద తోలుకపోతారు అని. కొత్తది ఏది కొనాల్నో ఎవురూ చెప్పల్యాకపోయిరి. అప్పుడొచ్చినాడు ఆయప్ప. సంతకం పెట్టియ్యి, తేదీ నేనేసుకుంటా, ఆర్సీ వారంలో మార్పిచ్చుకుంటా అన్న్యాడు. అందరూ అట్లనే అమ్ముతాండారు గదాని పెడ్తి. క్లచ్చు బాగు చేపిచ్చి తెమ్మంటే షెడ్డుకు పోయి, సాయంత్రం ఆరుకు ప్రొద్దుటూరు బయట ఆయప్పకు బండి అప్పజెప్పి, పలుపు ఇప్పుకొని బస్సెక్కినా."

"తర్వాత?"

"రేత్రి తొమ్మిదికి ఫోను చేసినాడు. బండి మడిసిని గుద్దింది, అది నీ పేర్నుండాది, నేను కొన్న్యట్టు ఏ కాయితమూ లేదు, జైలుకు పోయేది నువ్వే అన్న్యాడు. షెడ్డులో వదిల్తే పోయిందని రాసియ్యి, ఆ పిల్లోణ్ణి రెండు దినాల్లో ఇడ్సిపెడ్తారు అన్న్యాడు. నాకు చేతులు కాళ్లు ఆడల్యా. రాసిస్తి."

"ఎవరాయన?"

ఆదినారాయణ తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరు నా నోట రాదమ్మా. నన్ను కొట్టు, తిట్టు. ఆయప్ప ఒక్క రిపోర్టు రాస్తే పాలాయన కర్సంతా నా నెత్తిన పడ్తాది. చీనీ తోట గూడా మిగల్దు."

సింధూ ఒత్తిడి చేయలేదు. భయపడిన మనిషిని అదే ప్రశ్న మళ్లీ అడిగితే ఇంకా ముడుచుకుపోతాడని ఆమెకు తెలుసు. పక్కదారిన వెళ్లింది. "మరి ఆయన పాత బండి సరిగ్గా తోలగలిగేవాడేనా? జాగ్రత్తలేమైనా చెప్పారా?"

"యాడ తోలతాడు. ఎక్కేదానికి తలుపే తీయల్యాకపాయ." ఆ తలపుకు ఆ కష్టంలోనూ ఆయన పెదవి కదిలింది. "ఆరేండ్లుగా ఆ తలుపు మొరాయిస్తాంది. మోకాలుతో కింద అదిమి, పిడి పైకెత్తాలప్పా అని నేనే చూపిస్తి. నాకు, రహమానుకు, మళ్ల ఆయప్పకు. ముగ్గురికే తెల్సు అది తీసేది."

సింధూకు పొద్దుటి స్టేషన్ ఆవరణ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసున్న షహబాజ్ గుంజితే రాని తలుపు. స్టేషన్ డ్రైవరుకు రాని తలుపు. పొద్దున దాన్ని ఒకడు ట్యాబు చంకన పెట్టుకుని, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా మోకాలితో అదిమి తీశాడు. ఆదినారాయణను కళ్లతో చూడలేదన్నాడు. పాత బండ్లు వదిలించుకోమన్నాడు. తెలిసిన పార్టీలున్నారన్నాడు. ఆమె థాంక్సు కూడా చెప్పింది. తన మీద తనకే చెడ్డ కోపం వచ్చింది.

రిపోర్టు రాయడానికి ఈ కేసు అతని చేతికే వచ్చింది. తను గుద్దిన గుద్దుకు తనే విచారణాధికారి.

"పెద్దాయనా, ఆయన పేరు..." అని ఆమె మొదలుపెట్టేలోగా బయట కారు ఆగిన చప్పుడైంది. టైము ఒంటిగంటా నలభై ఎనిమిది. ఆదినారాయణ గబుక్కున లేచి నిలబడ్డాడు. మొహం తెల్లబోయింది.

ముందు షహబాజ్ దిగాడు, చేతిలో కాగితాల అట్ట. వెనక శశిధర్. వసారా మెట్టు దగ్గర సింధూను చూసి ఒక్క అడుగు ఆగి, నవ్వు తెచ్చుకున్నాడు.

"ఇక్కడా మీరేనా మేడం? మంచిది. సాక్షి సంతకానికి పనికొస్తారు." ఆదినారాయణ వైపు తిరిగాడు. "ఆదినారాయణ గారంటే మీరేనా? నా పేరు శశిధర్. బీమా కంపెనీ నుంచి."

కొత్తవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఆదినారాయణ నమస్కారం పెట్టాడు. నిజం చెప్పే ధైర్యం ఆయనకు లేదు. సింధూ నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుంది. తలుపు సంగతి తను చెబితే ప్రత్యర్థి చేసిన ఆరోపణ అవుతుంది. ఈ ఇంటివాళ్లు చెబితేనే సాక్ష్యం. ఆమె మునెమ్మ వైపు చూసింది.

మునెమ్మ ఎవరివైపూ చూడలేదు. పలుపును భుజాన వేసుకుని లోపలికి వెళ్లింది. మువ్వలు చప్పుడు చేశాయి. రెండు గ్లాసులతో తిరిగొచ్చి, ఒకటి షహబాజ్‌కు ఇచ్చి, రెండోది శశిధర్ ముందుకు చాచింది.

"కూచోప్పా" అంది, గొంతు ఏమాత్రం పెంచకుండా. "సోమారం పొద్దున బండి కొనేదానికొచ్చి మజ్జిగ తాగకుండానే పోతివి. ఇయ్యాలన్నా తాగి పో."

శశిధర్ గ్లాసు అందుకోలేదు. "నేనా? పెద్దమ్మా, నేనీ ఇంటికి రావడం ఇదే మొదలు. మీరెవర్ని చూసి ఎవరనుకున్నారో."

"నువ్వేనప్పా. ఆ తలుపు తీయల్యాక నీ మోకాలికి మట్టి అంటింటే, నీళ్లు పోసి కడుక్కోమన్న్యా గదా. ఈయప్ప నీకు తలుపు తీసేది రెండు తూర్లు చూపిచ్చె."

షహబాజ్ తాగుతున్న గ్లాసు కిందికి దించాడు. నెమ్మదిగా శశిధర్ మొహం చూశాడు, అక్కడి నుంచి కిందికి, అతని మోకాలి దాకా చూశాడు. పొద్దున తను గుంజి గుంజి వదిలేసిన తలుపు ఆయనకూ గుర్తొచ్చింది.

"సార్, మీరు పొద్దున..." అని ఆగాడు. ఆ వాక్యం పూర్తి చేయలేదు. శశిధర్ కూడా పూర్తి చేయమని అడగలేదు.

షహబాజ్ గ్లాసు పక్కన పెట్టి వసారా అంచున కూర్చున్నాడు. శశిధర్ టైపు చేయించి తెచ్చిన వాంగ్మూలాన్ని అట్ట అడుగుకు తోసి, తెల్ల కాగితం పైకి తీశాడు. పెన్ను మూత విప్పాడు.

"అమ్మా, సోమారం పొద్దున ఈ సారు ఎన్ని గంటలకొచ్చినాడు?"

"తొమ్మిదిన్నర" అంది మునెమ్మ. భుజం మీది పలుపు తీసి ఆయన కాగితం పక్కన పెట్టింది. "రాసుకోప్పా. అంతా చెప్తా."

సింధూ టైము చూసుకుంది. ఒంటిగంటా యాభై ఐదు. ఐదింటికి ఇంకా మూడు గంటల ఐదు నిమిషాలుంది. బయటికొచ్చి గులాబ్‌బీకి ఫోను చేసి, ఇప్పుడైనా అన్నం తినమని చెప్పింది.